అడ్రసు చెప్పని టీచరు

ఒక మహారణ్యం. అందులో ఒక క్రూరమృగం. ఆ మృగాన్ని కాపాడడానికి ప్రాణాలకు తెగించి ఆయుధాల ముందు నిలిచిన ఒక వీరవనిత. చదువుతున్నంతసేపూ మీ రోమాలు నిక్కబొడుచుకునే ఉంటాయి. అయిపోయాక కూడా చాలాసేపు కూర్చోవు.

ఇలా మొదలుపెట్టాలని నాకు చాలా కోరికగా ఉంది. కానీ అరణ్యం అంటే సికింద్రాబాద్‌లో కంటోన్మెంట్ దాటాక కనిపించే తుమ్మచెట్లు, సీతాఫలం పొదలు. క్రూరమృగం ఒక గుడ్లగూబ, అదీ పగలంతా కునికే రకం. ఆయుధాలంటే బండకు బెజ్జాలు వేసే ఒక పాత కంప్రెసర్. వీరవనిత మా తొమ్మిదో తరగతి సైన్సు టీచరు. ఆవిడ నిలవనూ లేదు, కూర్చున్నారు. ఆవిడ విషయంలో అసలు వార్త అదే. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

టీచరు ఈమధ్యే పోయారు. పెద్ద జబ్బేమీ కాదన్నారు డాక్టర్లు. మంచం మీద కదలకుండా పడుకోమన్నారట. అందుకే పోయి ఉంటారని నా అనుమానం.

తిరుమలగిరిలో వాళ్ళ చర్చిలో జ్ఞాపకార్థ కూడిక పెట్టారు. పాస్టరు అయ్యగారు ఆవిడ గురించి చాలా మంచి మాటలు చెప్పారు. "మన సహోదరి కలం పట్టి గుడ్లగూబల బండను కాపాడింది" అన్నారు. ఆ బండకు ఆవిడ పేరు పెట్టించాలని ఏరియా నాయకుడుగారు కబురు చేశారని కూడా చెప్పారు. అందరూ ఆమేన్ అన్నారు. నేను మాత్రం కుర్చీలో అటు కదిలి, ఇటు కదిలి, పక్కాయన కాలు రెండుసార్లు తొక్కాను. ఎందుకంటే ఆ బండ మీద గుడ్లగూబ ఏనాడూ లేదు. ఆ హాల్లో ఆ సంగతి తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అయ్యగారు నన్ను కూడా రెండు మాటలు చెప్పమన్నారు. "టీచరు మంచివారు" అని రెండే మాటలు చెప్పి కూర్చున్నాను. మిగతావి ఇవి.

ఆవిడ జీవితచరిత్ర నాకు తెలియదు. గుంటూరు వైపు నుంచి వచ్చారనీ, తిరుమలగిరిలో మిలటరీ వాళ్ళ పిల్లలకూ మాబోటి వాళ్ళకూ కిరణజన్య సంయోగక్రియ చెప్పి రిటైరయ్యారనీ మాత్రం తెలుసు. అంతకుమించి ఏదైనా అడిగితే, "నా సంగతి ఎందుకురా, అటు చూడు" అని గొడుగుతో చూపించేవారు. చిత్రం ఏమిటంటే అటు ఎప్పుడూ ఏదో ఒకటి ఉండేది. ఒక తొండో, పికిలిపిట్టో.

ఆ గొడుగును ఆవిడ తెరవగా నేను చూడలేదు. వాన పడుతున్నా మూసే పట్టుకుని తడిసేవారు. అది నీడ కోసం కాదట, పొద తట్టి, పాముకి మనం వస్తున్నామని చెప్పడానికట. "చెప్పాపెట్టకుండా ఒకళ్ళింటికి వెళ్ళకూడదు" అనేవారు. కట్టేది నేత చీర. కాళ్ళకు మాత్రం బడిపిల్లల తెల్ల కాన్వాస్ బూట్లు. వాటికి శనివారం సాయంత్రం చాక్‌పీసు పూసి ఆరబెట్టేవారు. ఆదివారం పొద్దున చర్చి, చర్చి నుంచి సరాసరి అడవి. మధ్యలో బూట్లు మార్చుకునే తీరిక ఉండదు కాబట్టి దేవుడి దగ్గరికి కూడా వాటితోనే వెళ్ళేవారు.

చర్చిలో ఆవిడ చోటు కిటికీ పక్కన. ప్రార్థన చేస్తూ అందరూ కళ్ళు మూసుకుంటే ఆవిడ బయటకు చూసేవారు. ఒకసారి అయ్యగారు మెల్లగా అడిగారట. "ఆయన చేసినవే చూస్తున్నానండీ. కళ్ళు మూసుకుంటే ఏం కనబడతాయి?" అన్నారట టీచరు. అయ్యగారు మళ్ళీ అడగలేదు. కిటికీకి మాత్రం గడియ పెట్టించారు.

ఆవిడ ఎక్కడా కూర్చోలేరు. మా ఇంటికొస్తే మా అమ్మ ఇచ్చిన టీ సగం హాల్లో, సగం వంటింట్లో తాగేవారు. బస్సు కోసం ఒక స్టాపులో ఆగడం కూడా ఆవిడ వల్ల అయ్యేది కాదు. "ఊరికే నిలబడడం ఎందుకు, పద" అని తర్వాతి స్టాపుకి నడిపించేవారు. బస్సు ఎప్పుడూ సరిగ్గా రెండు స్టాపుల మధ్యలో మమ్మల్ని దాటిపోయేది. అలా మేము బొల్లారానికి ఎన్నోసార్లు బస్సులో బయలుదేరి కాలినడకన చేరాం.

మేము అంటే పెద్ద దండేమీ కాదు. టీచరు, నేను, మూర్తిగారు. మూర్తిగారు బ్యాంకులో రిటైరయ్యారు, షుగరుంది, డాక్టరు నడవమన్నాడని వచ్చేవారు. కూడికకు మాత్రం రాలేకపోయారు. ఆయనకు లోకంలో రెండే పిట్టలు: కాకి, కాకి కానిది. ఇక నేను. ప్రకృతి మీద ప్రేమతో చేరానని రాయడానికి చెయ్యి రావడం లేదు. డిగ్రీలో ఒక సబ్జెక్టు మిగిలిపోయింది. ఎలక్ట్రానిక్సు ఫ్యాక్టరీలో పనిచేసే మా నాన్నకు ఆదివారాలు సెలవు. ఏ.ఎస్. రావు నగర్‌లో మా ఇల్లు చిన్నది. ఆదివారం పూట ఆయనా నేనూ ఒకే ఇంట్లో ఉండడం ఇద్దరి ఆరోగ్యానికీ మంచిది కాదు. అందుకని అడవి.

టీచరు నన్ను పేరుతో పిలిచింది తక్కువ. "ఏరా అధికప్రసంగీ" అనేవారు. నేను జోకు వేస్తే నవ్వేవారు కాదు. పది గజాలు నడిచాక నవ్వేవారు. అప్పటికి నేను దేని గురించి అన్నానో నాకే గుర్తుండేది కాదు.

ఇంకో మాట ఆవిడ నోట్లో ఎప్పుడూ ఉండేది. "చూశావా? చూశావుగా? ఇంక పద." ఎంత అరుదైనది కనబడినా అంతే. పొద్దుటినుంచి ముళ్ళలో నడిచి నడిచి, చివరికి బండ మీద ఎండ కాచుకుంటున్న ఉడుము కనబడిందనుకోండి. నేను ఊపిరి పీల్చుకుని, నీళ్ళ సీసా తీసేలోపు "పద".

"జెర ఆగుదాం టీచర్. దీనికోసమే కదా వచ్చాం."

"మనం వాళ్ళింటి ముందు నిలబడితే వాళ్ళు వంట ఎలా చేసుకుంటారురా? పద."

ఆ పద పద నాకూ పట్టుకుంది. ఇప్పటికీ ఆదివారం పొద్దున ఇంట్లో కూర్చుంటే, బయట ఎక్కడో ఏదో ఎగిరిపోతోందనిపించి లేస్తాను. వెళ్ళి చూస్తే ఏమీ ఉండదు. తిరిగొచ్చేసరికి ఇడ్లీలూ ఉండవు.

టీచరు రాసేవారు కూడా. ఒక దినపత్రిక ఆదివారం అనుబంధంలో, వంటల పేజీకీ రాశిఫలాలకీ మధ్య, అరచేతంత కాలమ్. చిన్నదే గానీ అది చదివితే ఎండిన గడ్డి వాసన వచ్చేది. తీతువు నేల మీదే గుడ్లు పెట్టి, మనల్ని పక్కదారి పట్టించడానికి ఎంత నాటకం ఆడుతుందో, తొలివానకి ముందు చీమలు ఏం మోస్తాయో, చేత్తో పట్టుకుని చూపించినట్టు రాసేవారు. ఎక్కడ అన్నది మాత్రం రాసేవారు కాదు. అంటే, రాసేవారు. తప్పు రాసేవారు. కుడి ఉంటే ఎడమ అనేవారు. బావి ఉంటే తాటిచెట్లు పెట్టేవారు. వాగు ఉంటే రైలుకట్ట వేసేవారు. ఆవిడ కాలమ్ పట్టుకుని బయలుదేరినవాడు సికింద్రాబాద్ చుట్టుపక్కల ఎక్కడైనా తేలవచ్చు, ఆ పిట్ట దగ్గర తప్ప.

కారణం ఒకసారి చెప్పారు, నడుస్తూనే. మొదట్లో ఒక చెరువు గట్టు గురించి ఉన్నదున్నట్టు రాశారట. మరుసటి ఆదివారం కుటుంబాలకు కుటుంబాలు వ్యాన్లలో పులిహోర కట్టుకుని తీతువు గుడ్లు చూడడానికి వచ్చాయట. పిల్లలు గుడ్ల చుట్టూ క్రికెట్ ఆడారట. "నేను రాసిన నాలుగు ముక్కలకి దాని నాలుగు గుడ్లూ పోయాయిరా" అన్నారు. అన్నాక నడక వేగం పెంచారు. మూర్తిగారు వెనకబడిపోయారు. అప్పటినుంచి ఆవిడ నియమం ఒకటే: "పిట్ట గురించి అబద్ధం రాయను. దాని అడ్రసు గురించి నిజం రాయను."

అందుకని ఆ అసలు బండ ఎక్కడుందో నేను ఇక్కడ చెప్పినా మీరు నమ్మకండి.

ఆ బండను టీచరు నాకు ఒక చలికాలం చూపించారు. ఒకదాని మీద ఒకటి పేర్చినట్టున్న పెద్ద పెద్ద గుండ్లు. ఒక వైపు ఎప్పుడో రాయి కొట్టి వదిలేసిన గుంట. దాని పైన అరుగులాంటి అంచు. పాకుతూ ఎక్కి, గడ్డం ఆనించి చూశాను. అంచు మీద మట్టిరంగు మూట ఒకటి కనబడింది. మూటకు రెండు కొమ్ములు మొలిచాయి. ఆ కొమ్ముల కింద రెండు నారింజరంగు కళ్ళు తెరుచుకుని నా వైపు తిరిగాయి. సరిగ్గా మా నాన్న నా మార్కుల మెమో చూసినప్పటి చూపు.

"టీచర్, ఇది నన్ను మళ్ళీ ఫెయిల్ చేసింది."

"కొమ్ముల గుడ్లగూబ. పొదుగుతోంది. చూశావుగా? పద."

మళ్ళీ వెళ్ళేసరికి పిల్లలు రెండు, దూది ఉండల్లా ఉన్నాయి. అదే రోజు దిగుతుంటే కింది బండకు ఎర్ర పెయింటుతో గీతలు కనబడ్డాయి. ఒకాయన టేపు పట్టుకుని కొలుస్తున్నాడు. మల్లేశం, రాయి కొట్టే ముఠాకు మేస్త్రి.

"ఇదేంటయ్యా?" అన్నారు టీచరు.

"ఈ బండ పోతదమ్మా. ఈడ ప్లాట్లు ఒస్తున్నయ్. రోడ్లు, కరెంటు, అన్ని ఒస్తయ్. పార్కు సుత ఉంటదంట."

"పార్కులో ఏముంటుంది?"

"సిమెంటు జింక ఉంటదంట."

టీచరు పైకి చూశారు. పిల్లలకు ఇంకా రెక్కలు రాలేదు. ఎగరడానికి ఇంకా చాలా వారాలు పడుతుంది. "ఎప్పుడు మొదలుపెడతారు?"

"కంప్రెసర్ ఒస్తె షురూ చేస్తం."

ఆ తర్వాత పదిహేను రోజులు టీచరు నన్ను వెంటేసుకుని ఆఫీసులు తిరిగారు. ఒక ఆఫీసులో అది అడవి కాదన్నారు. ఇంకోచోట అది ప్రైవేటు భూమి అన్నారు. మరోచోట ఫొటో చూసి, ఇది ఇంట్లో పెట్టుకోకండమ్మా, మంచిది కాదన్నారు. ఎవరు కూర్చోమన్నా ఆవిడ కూర్చోలేదు కాబట్టి పని త్వరగానే అయ్యేది. అంటే, అవకపోవడం త్వరగా అయ్యేది.

చివరికి బస్టాపులో అన్నారు. అన్నట్టు ఆ రోజు తర్వాతి స్టాపుకి కూడా నడవలేదు, ఉన్నచోటే గుండ్రంగా తిరుగుతున్నారు. "రాస్తానురా. ఈసారి అడ్రసుతో సహా రాస్తాను. జనం వస్తే పిల్లలు బెదురుతాయి. రాకపోతే బండే ఉండదు. ఏం చెయ్యను?"

"రాయండి టీచర్" అని తల ఊపాను.

ఆదివారం పొద్దున మేము ఉప్మా తింటుండగా పేపరు పట్టుకుని టీచరు దిగారు. ఆవిడ కాలమ్ ఈసారి పేజీ మధ్యలో, పెద్దగా, గుడ్లగూబ బొమ్మతో వచ్చింది. మా అమ్మకు ఆ పక్షి పేరు ఇంట్లో పలకడం ఇష్టం లేదు. "రండి టీచరుగారూ, కూర్చోండి. ఆ పిట్ట గురించి భలే రాశారు" అంది, పేపరును బొమ్మ కిందికి వచ్చేలా మడతపెడుతూ.

టీచరు ఫ్రిజ్‌కీ టీవీకీ మధ్య నడుస్తున్నారు. "చదివావా?"

"చదివాను టీచర్. బాగుంది. కానీ..."

"కానీ?"

"రోడ్డుకు కుడివైపు అని రాశారు."

ఆవిడ ఆగారు.

"తాటిచెట్ల వెనక అని కూడా రాశారు. అక్కడ తాటిచెట్లు ఎక్కడివి టీచర్? అక్కడున్నది బావి కదా."

ఆవిడ పేపరు లాక్కుని చదువుకున్నారు. చదువుతున్నంతసేపూ పెదవులు కదిలాయి. "అయ్యో దేవా. చెయ్యి అలవాటు పడిపోయిందిరా. నేను నిజమే రాస్తున్నాననుకున్నాను."

"పోనీలెండి, ఆ అడ్రసులో ఏమీ ఉండదు. ఎవరికీ దొరకదు" అన్నాను ధైర్యం చెబుతూ.

దొరికింది. అదే చిక్కు. ఆవిడ మార్చి రాసిన కుడివైపు, తాటిచెట్ల వెనక, రొట్టె చీల్చినట్టు రెండుగా చీలిన పెద్ద బండ ఒకటి బొల్లారం దగ్గర నిజంగానే ఉంది. అక్కడ మేకలు పడుకునేవి, పేకాట ఆడేవాళ్ళు కూర్చునేవాళ్ళు. గుడ్లగూబ మాత్రం ఆ దారిన పోనైనా పోయిందో లేదో తెలియదు. ఒక అబద్ధం అంత అచ్చంగా దొరుకుతుందని మేమెవరమూ అనుకోలేదు.

ఎన్నికలు దగ్గర్లో ఉన్నాయి. ఏరియా నాయకుడుగారికి హఠాత్తుగా పక్షుల మీద ప్రేమ పుట్టుకొచ్చింది. వారం తిరక్కుండా ఆ బండ చుట్టూ ఇనుపకంచె పడింది, బోర్డు పడింది. పేకాట వాళ్ళను తరిమేశారు. ప్రారంభోత్సవానికి ముఖ్య అతిథిగా టీచరును రమ్మన్నారు.

"సవరణ రాయిద్దామా టీచర్? అది కాదు, ఇది అని."

"రాస్తే ఈ మైకులు, ఈ బ్యాండుమేళం అన్నీ అక్కడికొస్తాయి. పిల్లలు భయపడి అంచు మీంచి పడతాయి. ఎగిరేదాకా ఆగుదాం. అప్పటిదాకా కంప్రెసర్ రాకుండా ఉంటే చాలు."

ప్రారంభోత్సవానికి వెళ్ళేముందు ఆవిడ నన్ను అసలు బండ దగ్గరికి పంపారు, చూసి రమ్మని. చూసి వచ్చేసరికి ఇక్కడ స్టేజీ మీద నాయకుడుగారు మాట్లాడుతున్నారు. టీచరు మెడలో చామంతుల దండ. కుర్చీ అంచు మీద, లేవడానికి సిద్ధంగా ఉన్నారు.

"గుడ్లగూబ అంటే ఏంది? లక్ష్మీదేవి వాహనం! ఆ తల్లి మన ఏరియాకు ఒచ్చిందంటే మనకేం తక్లీఫ్ లేదు!" నాయకుడుగారి గొంతు మైకులో గరగరలాడింది. ముందువరసలో ఒకాయన చెయ్యెత్తాడు. "అన్నా, మరి అది ఏడుందే? కనబడ్తలేదు."

"పగలు ఎట్ల కనబడ్తదిరా? రాత్రి ఒస్తది. కూసో."

నేను స్టేజీ వెనక నుంచి వెళ్ళి టీచరు చెవిలో చెప్పాను. "కంప్రెసర్ వచ్చింది. మధ్యాహ్నం మొదలుపెడతారట."

సరిగ్గా అప్పుడే ఆవిడ చేతికి మైకు ఇచ్చారు. ఆవిడ ఆ జనాన్ని, బ్యాండు వాళ్ళను, కెమెరా వాళ్ళను చూశారు. ఒక్క మాట చెబితే వీళ్ళంతా కదిలి అక్కడికి వస్తారు. కంప్రెసర్ ఆగుతుంది. పిల్లలు మాత్రం మిగలవు. చెప్పకపోతే మధ్యాహ్నానికి బండకు బెజ్జాలు పడతాయి.

"అందరికీ వందనాలు. ఈ బండను ఇంత బాగా చూసుకుంటున్నందుకు సంతోషం. నాకు కొంచెం పనుంది" అని మైకు ఇచ్చేసి స్టేజీ దిగారు.

మా నాన్న స్కూటరు మీద వెనక కూర్చుని, ఒక చేత్తో గొడుగు, మెడలో దండ, దారి పొడుగునా "త్వరగా పోరా, త్వరగా" అన్నారు. నేను అంతకంటే త్వరగా పోతే స్కూటరు ముందు, మేము వెనక వస్తామని చెప్పాను. ఈసారి నవ్వలేదు, పది గజాల తర్వాత కూడా.

అక్కడ మల్లేశం మనుషులు పని మొదలుపెట్టేముందు బండకు పసుపు, కుంకుమ రాసి, అగరొత్తులు ముట్టించారు. కొబ్బరికాయ కొట్టడానికి సిద్ధంగా ఉంది. రాయి కొట్టేముందు అది వాళ్ళ పద్ధతి. టీచరు స్కూటరు ఆగకముందే దిగి, తిన్నగా వెళ్ళి, ఆ పసుపు రాసిన బండ మీదే కూర్చున్నారు.

మెడలో దండ. చుట్టూ అగరొత్తుల పొగ. చేతిలో గొడుగు నిలువుగా. కంప్రెసర్ తిప్పబోయిన కుర్రాడు చెయ్యి తీసేశాడు. ఒక ఆడమనిషి చెప్పులు విడిచి దణ్ణం పెట్టింది.

"అయ్యయ్యో, నాకు పెట్టకమ్మా! నేను చర్చికి వెళ్ళేదాన్ని!" అన్నారు టీచరు కంగారుగా. అయినా లేవలేదు.

మల్లేశం తల గోక్కున్నాడు. "ఏందమ్మా గిది? లే. జెర పని చేసుకోనియ్యి."

"లేవను మల్లేశం."

"నువ్వు గిట్ల దండేసుకుని కూసుంటే మావోళ్ళు ముట్టరమ్మా. పరేషాన్ చేస్తున్నవ్."

"దండ తీసేస్తాను. కానీ లేవను."

ఇందాక చెప్పిన పెద్ద వార్త ఇదే. టీచరు కూర్చున్నారు. అయితే సరిగ్గా కూర్చున్నారని చెప్పలేను. కాలు ఊపుతూ, నిమిషానికోసారి సగం లేచి మళ్ళీ చతికిలబడుతూ, చీర కొంగు మెలిపెడుతూ ఉన్నారు. ఆవిడ లేచినప్పుడల్లా మల్లేశం ఆశగా ముందుకు వచ్చేవాడు. మళ్ళీ కూర్చుంటే వెనక్కి పోయేవాడు. సాయంత్రానికి ఇద్దరూ సమానంగా అలిసిపోయారు.

మర్నాడు పొద్దున మళ్ళీ వెళ్ళి కూర్చున్నారు. ఆ మర్నాడు కూడా. మా అమ్మ టిఫిన్ కట్టి పంపేది, ఎవరికోసమో మాత్రం అడిగేది కాదు. మూర్తిగారు వచ్చి, గొడుగు తెరిచి ఆవిడకు పట్టేవారు. ఆ గొడుగు తెరుచుకుంటుందని అప్పుడే తెలిసింది. మల్లేశం తిట్టేవాడు, బతిమాలేవాడు, పదకొండు దాటాక చాయ్ తెప్పించేవాడు. "అమ్మా, ఇయ్యాల పోయి రేపు రా. ఒక్క దినం. నాకు సుత పిల్లలున్నరు."

"దానికీ ఉన్నారు" అనేవారు టీచరు పైకి చూపిస్తూ. ఒకరోజు అతని చేతికి బైనాక్యులర్స్ ఇచ్చారు. మల్లేశం చాలాసేపు చూశాడు. నేను అతని మనసు కరిగిపోతుందని ఎదురుచూశాను.

"అచ్చం మా మామ లెక్కనే చూస్తున్నది" అని తిరిగి ఇచ్చేశాడు.

అలా ఎన్ని రోజులో లెక్కపెట్టలేదు. ఒక పొద్దున వెళ్ళేసరికి కంప్రెసర్ లేదు, మనుషులూ లేరు. అగరుపుల్లలు మాత్రం బండ సందులో మిగిలున్నాయి. గెలిచామనుకున్నాం. టీచరు మాత్రం నమ్మకుండా ఆ తర్వాత కూడా వచ్చి కూర్చునేవారు.

ఒకరోజు పొద్దెక్కకముందే పెద్దపిల్ల అంచు దాకా వచ్చింది. రెక్కలు విప్పింది, ముడిచింది, మళ్ళీ విప్పింది. టీచరు లేచి నిలబడ్డారు. ఇన్ని వారాల తిరుగుడికి ఇదే ఫలితం. జీవితంలో మళ్ళీ చూడగలనో లేదో తెలియని దృశ్యం. సరిగ్గా అప్పుడు నా కాలిలో తుమ్మముల్లు దిగింది. వంగి తీసుకున్నాను. తల ఎత్తేసరికి అంచు ఖాళీ.

"చూశావా?" అన్నారు టీచరు.

"లేదు టీచర్."

ఆవిడ గొడుగు అందుకున్నారు. "సరే. పద."

తప్పు బండ సంగతి ఆవిడ ఎవరికీ చెప్పలేదు. సన్మానాలకు పిలిచారు, వెళ్ళారు. వాటిలో కూర్చోలేదు. "చెబితే జనం అక్కడికి పోతారురా. ఈ కంచె ఇక్కడే ఉండనీ. మేకలు కూడా బాగానే ఉన్నాయి" అనేవారు.

కూడిక అయ్యాక నాకు ఇంటికి పోవాలనిపించలేదు. ఎక్కడికో పోవాలి, ఎక్కడికో తెలియదు. స్కూటరే అసలు బండ దగ్గరికి తీసుకుపోయింది. బావి పూడిపోయింది. బండ ఉంది. దాని ముందు రేకుల కింద చాయ్ బండి పెట్టుకుని మల్లేశం ఉన్నాడు. స్థలానికి కాపలా కూడా అతనే.

టీచరు పోయారని చెప్పాను. అతను స్టవ్ కాసేపు ఆర్పేశాడు.

"మంచిగ కూసున్నదమ్మ" అన్నాడు.

"ఆవిడ కూర్చోబట్టే బండ మిగిలింది" అన్నాను, కూడికలో అనలేని మాట.

"కొంచెం. ఆమె కూసున్న దినాలల్ల ఆగింది నిజమే. అటెంక ఆగింది కోర్టుకు. మాలిక్‌లు అన్నదమ్ములు. మూల ప్లాటు నాదంటె నాదని కొట్లాడుకున్నరు. చిన్నాయన స్టే తెచ్చిండు. అందుకే కంప్రెసర్ ఎత్తుకపోయినం. లేకుంటె ఆమె ఎన్నటికని కూసుంటది? మనిషన్నంక ఎప్పుడో లేస్తది గద."

"టీచరుకు తెలుసా ఈ సంగతి?"

"నేనే చెప్పిన. నవ్వింది. అన్నదమ్ములు రాజీ పడకుండ దేవునికి ప్రార్థన చేస్తా మల్లేశం అన్నది. ఏటా ఒచ్చి అడిగేది, వాళ్ళు మాట్లాడుకుంటున్నరా అని."

బండ పైకి చూశాను. అంచు కింద తెల్లటి రెట్టల చారలు, తాజావే. చాయ్ నిలబడే తాగి, కేసు ఎంతవరకు వచ్చిందని అడిగాను.

పెద్దాయన తరఫు వకీలుకు కంట్లో శుక్లాల ఆపరేషనట. వాయిదా వచ్చే నెలకు పడింది.